మూసిన నోట్లో మసి

శవం చెరకు తోటలో దొరికింది.

తోట అనడమే గానీ అక్కడ చెరకు లేదు. నరికి ఫ్యాక్టరీకి తోలేశారు. మడిలో మిగిలిన ఎండాకుకు రాత్రెప్పుడో ఎవరో నిప్పు పెట్టారు. తాను పెట్టని మంట తన మడిలో ఎలా రేగిందా అని తెల్లవారి చూడబోయిన రైతు కొండన్నకి బూడిదలో రెండు పాదాలు కనిపించాయి.

2004 ఫిబ్రవరి. గొలుగొండ దాటాక రోడ్డుకు కాస్త లోపలగా ఉంది ఆ మడి. అక్కడి ఎస్సై సెలవులో ఉండడంతో నర్సీపట్నం నుంచి ఎస్సై నానాజీ వచ్చాడు.

ఆడమనిషి. నలభై పైబడిన వయసు. ముఖం, చేతులు గుర్తుపట్టేలా లేవు. గట్టు తడిగా ఉండడం వల్ల మోకాళ్ల కింద మాత్రం మంట సోకలేదు.

"ఆకు నువ్వు కాల్చలేదా?" అడిగాడు నానాజీ.

"నేదు బాబూ. రేపు కాల్సుదునని ఊరుకున్నాను. ఈలోగా ఎవడో ఉపకారం సేసీసినాడు," అన్నాడు కొండన్న.

"రాత్రి ఇటు ఎవరైనా వచ్చారా?"

"సెరుకు లారీలు తెల్లార్లూ తిరుగుతానే ఉంటాయి. ఎవుల్నని సూడమంటారు?"

వెనక నుంచి జీపు డ్రైవరు పోలిరాజు వచ్చాడు. హోంగార్డు. మెడలోని తుండుగుడ్డ తీసి, ఎవరూ చెప్పకుండానే, ఆ ముఖం మీద కప్పి పక్కకు తప్పుకున్నాడు.

నానాజీ మనసు కాస్త మెత్తబడింది. పోలిరాజు ఎప్పుడూ అంతే. కిందటి వర్షాకాలంలో తను జ్వరంతో పడి ఉంటే క్వార్టర్లో నేల మీద పడుకుని, రాత్రుళ్లు లేచి బార్లీ కాచి ఇచ్చాడు. సొంత తమ్ముడు కూడా అంత చెయ్యడు.

పోస్టుమార్టం మధ్యాహ్నానికి అయింది.

"తల వెనక దెబ్బ. అదే చావుకి కారణం," అన్నాడు డాక్టరు. "శ్వాసనాళం శుభ్రంగా ఉంది. మసి లేదు. అంటే మంట పెట్టేసరికే ఊపిరి లేదు."

పళ్ల పరీక్షకి ఊళ్లో క్లినిక్ నడిపే డెంటల్ డాక్టరు రాచెల్ గారిని పిలిపించారు. ముఖం పోయినా పళ్లు ఉంటాయి. ఎవరు ఏమిటన్నది అవి చెప్పొచ్చు.

రాచెల్ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "పళ్లు గట్టిగా కరుచుకుపోయి ఉన్నాయండీ. అందుకే నాలుక కాలలేదు. కానీ లోపలంతా ఒకటే మసి. స్పిరిట్‌కి వదల్లేదు, గీకి తీయాల్సి వచ్చింది."

"పళ్లు ఎలా ఉన్నాయి?"

"చక్కగా ఉన్నాయి. ఒక్క పుచ్చు లేదు. ఎక్స్‌రే కూడా తీశాను. కింది దవడ భద్రపరుస్తాను."

గుమ్మంలో పోలిరాజు టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరికీ పోసి ఇచ్చాడు.

అప్పుడే ఒక అమ్మాయి పరుగున వచ్చింది. పేరు దేవిశ్రీ. ఇంటర్ చదువుతోంది. తల్లి సీతాలు నర్సీపట్నం బజార్లో ఎండుచేపలు అమ్ముతుంది. రేవు నుంచి సరుకు తెచ్చుకుని, సంత రోజున గొలుగొండ వైపు కూడా వెళ్తుంది. నిన్న సంతకు వెళ్లిన మనిషి ఇంటికి రాలేదు. తండ్రి సముద్రంలో వేటకు పోయి తిరిగి రాక చాలా ఏళ్లయింది. తల్లీ కూతుళ్లిద్దరే.

ఆ సీతాలు పోలిరాజుకి స్వయానా అక్క. తమ్ముడికి హోంగార్డు ఉద్యోగం ఇప్పించమని చేపల బుట్ట కింద దించి, స్టేషను మెట్ల మీద నెలల తరబడి కూర్చున్న మనిషి.

దేవిశ్రీ గుడ్డ కింద నుంచి కనిపిస్తున్న పాదాలు చూసింది. వాటి దగ్గర కూలబడిపోయింది.

"మా అమ్మే సార్."

"ఎలా చెప్తున్నావమ్మా?"

"రోజూ పడుకునేముందు ఆ పగుళ్లకి నేనే ఆముదం రాస్తాను సార్. నాకు తెలీదా."

పోలిరాజు మేనకోడల్ని లేవదీసి గోడ పక్కన కూర్చోబెట్టాడు. బయటికి వెళ్లాడు. అరగంటలో గులాబి రంగు కార్డొకటి తెచ్చి రాచెల్ చేతికిచ్చాడు.

"డిసెంబర్లో బజార్లో పళ్ల కేంపు పెట్టినారు మేడమ్. అప్పుడు మా అప్పకిచ్చిన కార్డు ఇది. ఒక్కసారి సూడండి. ఆవిడ మా అప్ప కాదేమోనని ఆశ."

రాచెల్ చదివింది. కింది దవడలో మూడు పళ్లకు పుచ్చు. డ్రిల్ చేసి నింపాలి. ఆమె మళ్లీ లోపలికి వెళ్లి చూసి వచ్చింది.

"పుచ్చిన పన్ను తనంతట తాను బాగుపడదు సార్. నింపి ఉంటే సిమెంటు కనిపించాలి. పీకించి ఉంటే ఖాళీ కనిపించాలి. ఇక్కడ ఆ మూడూ ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి. ఈమె సీతాలు కాదు."

నానాజీ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఒక ఆడపిల్లకి తల్లి చావు కబురు చెప్పే పని తప్పింది. ఉద్యోగంలో అంతటి దయ రోజూ దొరకదు.

దేవిశ్రీ మాత్రం తేలికపడలేదు. "మరి మా అమ్మ ఏది సార్?" అంది.



డీఎన్ఏ పరీక్షకి హైదరాబాద్ పంపుదామని నానాజీ అడిగాడు. డాక్టరే కాదన్నాక దేనికయ్యా అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఎవరూ అడగని శవం గనక ఊరి చివర పాతిపెట్టారు.

తర్వాత వారమే పోలిరాజు తల వంచుకుని నానాజీ ముందుకొచ్చాడు.

"చెప్పడానికి సిగ్గుగా ఉంది సార్. మా అప్ప బతికే ఉంది. మొన్న రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి తన పేరునున్న ఇంటి స్థలం అమ్మీసినాది. ఎక్కడుంటున్నావే అంటే సెప్పనేదు. ఎవుడో లారీ డ్రైవరు సోములట. ఆడితో ఎల్లిపోనాది."

"కూతుర్ని వదిలేసా?"

"అదే సార్ నాకూ అర్థం కానిది."

నానాజీ ఆఫీసుకి కబురు పెట్టి విచారించాడు. నిజమే. సీతాలు పేరున స్థలం అమ్మకం జరిగింది. వేలిముద్ర ఉంది. సోములు కూడా ఊళ్లో లేడు.

కేసు అక్కడితో ఆగింది. ఆ కబురు మాత్రం బజారంతా తిరిగింది.

దేవిశ్రీ కాలేజీ మానేసింది. తల్లి కూర్చునే చోట, తల్లి బుట్ట ముందేసుకుని కూర్చుంది. మార్చిలో ఒక సాయంత్రం అటుగా వెళ్లిన నానాజీకి మాటలు వినిపించాయి.

"ఏటే గుంటా, మీ యమ్మ కొత్త కాపరం ఎలాగుందట?" కొనడానికొచ్చిన ఒకావిడ నెత్తళ్లు ఏరుతూ అడుగుతోంది. "లారీలో తిరగడమంటే సరదాయేలే."

దేవిశ్రీ తలెత్తలేదు. "కొంటే కొనండి. ఏరి పాడు సెయ్యకండి."

"నీకు కోపమెందుకే? నిన్నొగ్గీసి పోయింది నేనా?"

పక్క గోనెపట్టా మీంచి అచ్చియమ్మ లేచింది. సీతాలుతో కలిసి రేవు నుంచి సరుకు తెచ్చేది. "ఓలమ్మా, ముందా సేతిలో నెత్తళ్లు కింద పడీ. పడీసి బేగి నడు. నీ మొగుడు మొన్న మీ యింట్లో అన్నం తిన్నాడో, ఇంకెక్కడ తిన్నాడో సెప్పమంటావా ఇక్కడ?"

ఆవిడ వెళ్లిపోయింది. అచ్చియమ్మ కూర్చుని చుట్ట వెలిగించింది. వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంది.

నానాజీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. అడ్డపొగ తాగే ఆడవాళ్లని చిన్నప్పటి నుంచీ చూశాడు. అయినా అడిగాడు. "నోరు కాలదా అచ్చియమ్మా?"

"సముద్రం గట్టున గాలికి నిప్పు నిలుస్తాదా బాబూ? లోపలెట్టుకుంటే ఆరదు. బుట్ట నెత్తినెట్టుకుని ఊరంతా తిరిగినా సుట్ట సుట్టలాగే ఉంటాది." ఆమె నవ్వింది. పళ్లు ముందు వైపు మామూలుగానే ఉన్నాయి. నాలుక వైపు మాత్రం మూకుడు అడుగులా నల్లగా ఉన్నాయి.

నానాజీ ఆ నలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు.

పళ్లు కరుచుకుపోయి ఉన్నాయి. నాలుక కాలలేదు. శ్వాసనాళంలో మసి లేదు. ఊపిరి తీయని మనిషి, మూసుకుపోయిన నోరు. మరి నోటి లోపల మసి ఎక్కడిది?

"సీతాలు కూడా ఇలాగే కాల్చేదా?"

"ఎవత్తి కాల్సదు బాబూ మాలో? దాని సుట్ట నాకంటే లావు."

"క్యాంపు వాళ్లు ఆమెకి పళ్లు పుచ్చాయన్నారు కదా?"

"అన్నారు. నొప్పి నేని పన్నుకి మిషను పెట్టి కన్నం సేత్తారేటని అది రెండు రోజులు అన్నం తిననేదు." అచ్చియమ్మ దేవిశ్రీ వైపు చూసి, గొంతు తగ్గించి ఇంకొక మాట చెప్పింది.

నానాజీ ఆ మాట ఎవరితోనూ అనలేదు. మర్నాడు జీపు ఎక్కలేదు. పోలిరాజుని స్టేషన్లోనే ఉండమని చెప్పి, మఫ్టీలో తుని బస్సెక్కాడు. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలో ఒక చిన్న కవరు ఉంది. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూశాడు గానీ ఏ ఊరు దాటాడో అతనికి తెలియలేదు.

ఆదివారం సాయంత్రం రాచెల్ క్లినిక్‌లో అందరూ చేరారు.

క్యాంపు నడిపిన కుర్ర డాక్టరు బుజ్జిబాబు విశాఖపట్నం నుంచి వచ్చాడు. అచ్చియమ్మ, దేవిశ్రీ బెంచీ మీద కూర్చున్నారు. లారీ డ్రైవరు సోములు గోడకి ఆనుకుని విసుక్కుంటున్నాడు. వాళ్లని జీపులో తెచ్చిన పోలిరాజు అలవాటుగా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సోములూ, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అడిగాడు నానాజీ.

"ఒరిస్సాలో సార్. ఇంజను పోయి లారీ షెడ్డులో పడుంది. నేనూ షెడ్డులోనే పడున్నాను. ఊళ్లోకి రాగానే ఎవరో అడిగారు, సీతాలు ఎలాగుందని. ఏ సీతాలన్నాను. ఆవిడ దగ్గర ఎండుచేపలు కొనడమే తప్ప పేరు కూడా నాకు సరిగ్గా తెలీదు. మా ఆవిడ మాత్రం తలుపు తియ్యట్లేదు."

"తీయిస్తాను. కూర్చో." నానాజీ బుజ్జిబాబు వైపు తిరిగాడు. "డాక్టరు గారూ, క్యాంపులో పుచ్చు ఎలా కనిపెట్టారు? కంటితో చూసా, ఎక్స్‌రే తీసా?"

"రెండూ కాదు సార్. లేజర్ పెన్." బుజ్జిబాబు ఉత్సాహంగా పెట్టె తెరిచాడు. "విదేశాల నుంచి కొత్తగా వచ్చింది. పంటి మీద పెడితే అంకె చూపిస్తుంది. ముప్పై దాటితే లోపల పుచ్చు ఉన్నట్టే."

"అచ్చియమ్మకి చూడండి."

అచ్చియమ్మ కుర్చీలోకి ఎక్కింది. "కన్నం సెయ్యరు కదా?"

"చెయ్యరు. నోరు తెరువు."

పెన్ను పంటికి ఆనగానే చిన్నగా కూసింది. యాభై ఎనిమిది.

"పుచ్చు," అన్నాడు బుజ్జిబాబు. "డ్రిల్ చెయ్యాలి."

రాచెల్ ముందుకొచ్చింది. ఆ పన్నునే గీకింది, బ్రష్‌తో తోమింది, కడిగి ఆరబెట్టింది. "ఇప్పుడు మళ్లీ చూడండి. అదే పన్ను. అదే పెన్ను."

తొమ్మిది.

బుజ్జిబాబు మళ్లీ పెట్టి చూశాడు. ఎనిమిది.

"ఆ పెన్ను చూసేది కన్నాన్ని కాదు, మెరుపుని," అంది రాచెల్. "లేజర్ వెలుగు పడితే పుచ్చు మెరుస్తుంది. చుట్ట మసీ మెరుస్తుంది, పాచీ మెరుస్తుంది. దేనివల్ల మెరిసిందో దానికి తెలీదు. కంటితో చూస్తే లోపలి పుచ్చు తప్పించుకుంటుంది. సూది ముల్లు గుచ్చి చూస్తే మంచి పంటి గాడిలో కూడా ఇరుక్కుంటుంది. ఎక్స్‌రే మొదటి దశ పుచ్చుని పట్టలేదు. ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మకూడదు. పన్ను కోసి మైక్రోస్కోపు కింద చూస్తేనే అసలు నిజం. బతికున్నవాళ్ల పన్ను కొయ్యలేం కదా."

"క్యాంపులో వందల మంది మేడమ్," అన్నాడు బుజ్జిబాబు నీరసంగా. "అందరి పళ్లూ తోముతూ కూర్చుంటే ఎలా..."

"ఆ దవడలో పళ్లు కోసి చూశాను," అంది రాచెల్ నానాజీతో. "మూడింటిలోనూ పుచ్చు లేదు. ఎప్పుడూ లేదు. ఆ రోజు మంట మసి అనుకుని నేను గీకేసింది చుట్ట మసి."

దేవిశ్రీ బెంచీ అంచుని పట్టుకుంది. "అయితే..."

"కొంచెం ఆగమ్మా," అన్నాడు నానాజీ. "కార్డు తప్పయినంత మాత్రాన ఆ మనిషి మీ అమ్మ అయిపోదు. మంచి పళ్లు చాలామందికి ఉంటాయి."

అతను కవరులోంచి చిన్న ఎక్స్‌రే ఫిల్ము తీసి రాచెల్‌కిచ్చాడు. ఆమె దాన్నీ, తను తీసిన ఫిల్మునీ పక్కపక్కన వెలుగు పలక మీద పెట్టింది. రెండింటిలోనూ కుడివైపు చివరి దంతం వేరు గాలం ముల్లులా వెనక్కి వంగి ఉంది. ఆ వంపు దగ్గరే ఎముకలో గింజంత తెల్ల మచ్చ. రెండింటిలోనూ.

"ఒకే మనిషి," అంది రాచెల్. "సందేహం లేదు."

"ఈ ఫిల్ము సీతాలుది. జనవరిలో తునిలో జోసఫ్ రాజు గారనే డాక్టరు తీశారు. కన్నం చేస్తారని భయపడి ఆమె రెండో డాక్టరుకి చూపించుకుంది. ఆయన పుచ్చు లేదు, చుట్ట మసి అన్నారు. ఆ సంగతి ఆమె వచ్చి అచ్చియమ్మకి చెప్పింది. తనని తుని తీసుకెళ్లింది ఎవరో కూడా చెప్పింది."

అచ్చియమ్మ గుమ్మం వైపు చూసింది. మిగతా తలలూ అటు తిరిగాయి.

"నువ్వే కదా పోలిరాజూ?"

"ఔను సార్." గొంతు మామూలుగానే ఉంది. "ఆ గాబరాలో మరిసిపోయాను."

"జనవరిలో డాక్టరు నీ ఎదురుగా చెప్పిన మాట ఫిబ్రవరిలో మరిచిపోయావు. డిసెంబర్ కార్డు మాత్రం అరగంటలో దొరికింది."

నానాజీ గుమ్మం దగ్గరికి నడిచాడు.

"కార్డు ఎప్పుడు తెచ్చావు? రాచెల్ గారు పళ్లన్నీ బాగున్నాయని చెప్పాక. టీ ఫ్లాస్కు పట్టుకుని నువ్వక్కడే ఉన్నావు. పాప పాదాలు గుర్తుపట్టింది. ఇంకొక్క క్షణం ఆగితే అది సీతాలేనని రాసుకునేవాళ్లం. నీకు రెండు మాటలు తెలుసు, పుచ్చు ఉందన్న మాట, లేదన్న మాట. అక్క బతికుండాలని ఆశపడే తమ్ముడైతే రెండూ చెప్తాడు. నువ్వు ఒకటే తెచ్చావు."

"సార్..."

"శవం దొరికిన వారానికి సీతాలు వచ్చి వేలిముద్ర వేసిందన్నావు. ఆ కాగితం నిన్న తెప్పించి చూశాను. ఈ మనిషి సీతాలేనని సాక్షి సంతకం పెట్టింది నువ్వు. సీతాలని చెప్పి నువ్వు నిలబెట్టిన ఆడమనిషి, ఆ వేలు తనదేనని పొద్దున్నే ఒప్పుకుంది. నీకు అక్క చావు దాచాలని మాత్రమే కాదు. స్థలం చేతులు మారేదాకా ఆమె కాగితం మీద బతికుండాలి."

పోలిరాజు గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"సంత కాడ బండెక్కించుకున్నాను సార్. దార్లో మళ్లీ అడిగాను. స్థలం అమ్మీసి నాకు టాక్సీ కొనిపెట్టమని. అది నా గుంటకి, నీకు కాదన్నాది. ఉద్యోగం ఇప్పించినాను, ఇంకా ఏటి కావాలిరా అన్నాది. తోసినాను. గట్టు రాయి తగిలీసినాది. సంపుదునని కాదు సార్."

"నిప్పు?"

"ఎవులూ పోల్చుకోకూడదని సార్." అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

నానాజీ కళ్ల ముందు ఆ తుండుగుడ్డ కదిలింది. అది నటన కాదని అతనికి ఇప్పుడు తెలుస్తోంది. అక్క ముఖం చూడలేకే కప్పాడు. జ్వరం రాత్రుల్లో కాచిన బార్లీ కూడా నటన కాదు. మోసగాడి మంచితనం అబద్ధమైతే తుడిచేసుకోవచ్చు. నిజమైనప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు.

కానిస్టేబుల్ వచ్చి పోలిరాజుని లేవదీశాడు. దేవిశ్రీ వాళ్లకి అడ్డంగా వెళ్లి నిలబడింది. ఏడవలేదు.

"మావా, నెల్లాళ్ల బట్టి రోజూ అమ్మని తిట్టుకుంటూ పడుకున్నాను. పక్కన కూసుని అన్నం పెట్టావు. పోనీలే, మరిసిపో అన్నావు. ఒక్క రోజైనా నీకు నోరు రానేదా?"

కానిస్టేబుల్ అతన్ని మెట్లు దింపి తీసుకుపోయాడు.

"పాతిన చోటు నాకు తెలుసమ్మా," అన్నాడు నానాజీ. "రేపు కోర్టు అనుమతి తీసుకుంటాను. మీవాళ్ల పద్ధతిలో జరిపించుకుందువు గాని."

ఆమె తలూపింది. అచ్చియమ్మ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేయబోయింది. దేవిశ్రీ ఆ చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, బజారు కట్టీసే ఏళయింది. బేగి ఎల్లు."

"ఇప్పుడా? ఏటికే?"

"అందరూ ఉండగానే సెప్పు. మా యమ్మ ఎవుడితోనూ ఎల్లిపోనేదని సెప్పు." ఆమె చెయ్యి వదిలేసింది. "సచ్చిపోనాదని సెప్పు."